కార్బన్-12 ఎమల్షన్ ప్లేట్లు: మీన్ ఫ్రీ పాత్ పెద్దదిగా వస్తోంది, గ్రే ట్రాక్‌లు తగ్గుతున్నాయి

రేణిగుంట_రేణువు

అందరికీ నమస్కారం. తిరుపతిలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు. చేతిలో ఉన్నవి పాత బీఆర్-2 ఎమల్షన్ ప్లేట్లు (ఆవేశం ఉన్న కణం పోయిన దారిని గింజల గీతగా, అంటే ట్రాక్‌గా చూపే ఫొటో పొర), అసలు మందం 600 మైక్రాన్లు. రష్యాలోని డుబ్నా సింక్రోఫాసోట్రాన్ యాక్సిలరేటర్ దగ్గర న్యూక్లియాన్‌కు 4.5 జీఈవీ/సి కార్బన్-12 బీమ్‌లో పెట్టినవి. డెవలప్ అయ్యే వచ్చాయి, మా పని స్కానింగ్, కొలతలు.

ట్రాక్ వెంబడి స్కానింగ్ చేస్తున్నాం. మొత్తం 10 మీటర్ల బీమ్ ట్రాక్ చూస్తే 61 ఇంటరాక్షన్లు. అంటే మీన్ ఫ్రీ పాత్ (ఒక ఇంటరాక్షన్ జరిగేలోపు కణం పోయే సగటు దూరం) 16.4 సెం.మీ., రావాల్సింది 13.7 దగ్గర. అందులో ఎన్‌హెచ్ (ఒక ఘటనలో బ్లాక్, గ్రే ట్రాక్‌ల మొత్తం సంఖ్య) 0 లేదా 1 ఉన్నవి 7 మాత్రమే. ప్లేట్ లోపలే ఆగిన ట్రాక్‌లకు 3 మి.మీ. రేంజ్ హద్దు పెట్టి బ్లాక్ (నిదానంగా పోయే కణాల దట్టమైన గీతలు), గ్రే (వాటికన్నా వేగమైనవాటి పలచని గీతలు) విడదీశాం. బయటికి వెళ్ళిపోయిన వాటిని చూపుకు దట్టంగా ఉంటే బ్లాక్‌లో వేశాం. జియాంట్4 సిమ్యులేషన్‌తో పోలిస్తే మా బ్లాక్‌లు ఎక్కువ, గ్రేలు తక్కువ. సిమ్యులేషన్‌లో బ్లాక్‌కు హద్దు "బీటా 0.3 లోపు, 26 ఎంఈవీ లోపు" అని నోట్సులో ఉంది (బీటా అంటే కణం వేగం కాంతివేగంలో ఎన్నో వంతు), అదే పెట్టాం.

ఎక్కడ మొదలుపెట్టి చూడాలి?

పీలేరు_ప్రోటాన్

ముందు కంగారు తగ్గించుకో తమ్ముడూ. 61కి పాయిసాన్ ఎర్రర్ (దాని వర్గమూలం) 7.8. అంటే నీ విలువ 16.4 ± 2.1 సెం.మీ. 13.7 దగ్గర రావాలి అనుకున్నా తేడా ఒకటిన్నర సిగ్మా కూడా లేదు. ఇంకా ట్రాక్ పొడవు పెంచకుండా "తప్పు ఉంది" అనేదానికి ఆధారం లేదు.

కాస్కేడ్_కమల

ప్రోటాన్ అన్నా, మొత్తం సంఖ్య ఒక్కటే చూస్తే మీరన్నది నిజమే. కానీ ఆ 7 చూడండి. అసలు గుట్టు అందులో ఉంది.

లెక్క వేసి చూపిస్తా. బీఆర్-2లో ఘన సెంటీమీటరుకు పరమాణువులు, 10²² యూనిట్లలో: హైడ్రోజన్ 3.15, కార్బన్ 1.41, నైట్రోజన్ 0.395, ఆక్సిజన్ 0.956, బ్రోమిన్ 1.031, వెండి 1.036. భారీ వాటి క్రాస్ సెక్షన్‌కు (ఢీకొనే అవకాశాన్ని చెప్పే వైశాల్యం) బ్రాట్-పీటర్స్ సూత్రం చాలు: పై × ఆర్² × (రెండు ద్రవ్యరాశి సంఖ్యల ఘనమూలాల మొత్తం − బి)². ఇక్కడ ఆర్ 1.35 ఫెర్మీ, బి 0.83 తీసుకున్నా. హైడ్రోజన్‌కు ఈ సూత్రం మరీ ఎక్కువ చూపిస్తుంది, అందుకని 230 మిల్లీబార్న్ విడిగా పెట్టా.

వచ్చేవి: కార్బన్ 804, నైట్రోజన్ 857, ఆక్సిజన్ 906, బ్రోమిన్ 1905, వెండి 2216 మిల్లీబార్న్. ఒక్కోదాన్ని దాని పరమాణువుల సంఖ్యతో గుణించి కలిపితే సెంటీమీటరుకు 0.0732. తిరగేస్తే 13.7 సెం.మీ. మీ 10 మీటర్లలో 73 రావాలి.

ఇంటరాక్షన్లలో వాటాలు: హైడ్రోజన్ 10 శాతం, కార్బన్-నైట్రోజన్-ఆక్సిజన్ కలిపి 32, వెండి-బ్రోమిన్ 58. ఇప్పుడు ఎన్‌హెచ్ 0-1 అంటే హైడ్రోజన్ ఒక్కటే కాదు. వెండి కేంద్రకం అంచున ఒరుసుకుపోయిన కార్బన్ కూడా అక్కడే పడుతుంది. హైడ్రోజన్ ఒక్కటే 10 శాతం ఇచ్చేటప్పుడు, అంచు ఘటనలు కలిపి మీకు 11 శాతమే వచ్చిందంటే అది నమ్మే సంఖ్య కాదు. తగ్గిన 12 ఘటనలూ ఆ గంపలోవే అనుకుంటే 73లో 19, అంటే 26 శాతం. అది పొసుగుతుంది. మీరు పోగొట్టుకుంటున్నవి చిన్న స్టార్‌లు (ఒకే చోటు నుంచి ట్రాక్‌లు చిమ్మే ఘటనలు).

అమిడాల్_అయ్యవారు

కమల చెప్పింది సరైన దారి. పెద్ద స్టార్‌ను గుడ్డివాడు కూడా వదలడు, ఇరవై కాళ్ళతో కూర్చుని ఉంటాది. తప్పిపోయేది వైట్ స్టార్: టార్గెట్ నుంచి ఏమీ రాకుండా కార్బన్ మూడు ఆల్ఫాలుగా విడిపోయేది. ముక్కలన్నీ బీమ్ వేగంతోనే ముందుకు పోతాయి. వాటి కోన్ సుమారు 0.2 ÷ 4.5 రేడియన్, అంటే రెండున్నర డిగ్రీలు. ఫీల్డ్‌లో ఆ కోణం కంటికి ఆనదు. లావు గీత కొంచెం సన్నబడినట్టు, పక్కన ఇంకో గీత ఆనుకున్నట్టు ఉంటాది, అంతే. స్టేజ్ జరుపుతూ పోయేవాడు గమ్మున దాటిపోతాడు.

దీనికి మూడు పనులు.

మొదటిది, ప్రతి ట్రాక్‌నూ రెండుసార్లు చూడండి. ముందుకు త్వరగా, వెనక్కి నిదానంగా. వెనక్కి వచ్చేటప్పుడు ఆల్ఫాలు కలిసి ఒకటయ్యే చోటు, విడిపోయే చోటుకన్నా సులువుగా కంటికి తగులుతుంది.

రెండోది, ఇది చాలామంది చేయరు. "ఇంటరాక్షన్ లేదు" అని రాసిన ట్రాక్‌ను అది ప్లేట్ వదిలే చోట మళ్ళీ చూడండి. మొదట్లో ఉన్నంత లావు ఉందా? అయనీకరణం ఆవేశం వర్గంతో పోతుంది. కార్బన్‌కు 36, ఆల్ఫాకు 4. చివర సన్నగా, మధ్యలో గ్యాప్‌లతో కనిపిస్తే దారిలో ఎక్కడో పగిలింది, మీరు చూడలేదు. అక్కడి నుంచి వెనక్కి వెళ్తే దొరుకుతాది.

మూడోది, ఇద్దరు స్కానర్లు ఒకే ట్రాక్‌లను విడివిడిగా చూడటం. ఒకరి నోటుబుక్కు ఇంకొకరు చూడకూడదు. ఉదాహరణకు మొదటివారికి 61, రెండోవారికి 58, ఇద్దరికీ దొరికినవి 50 అయితే అసలు సంఖ్య 61 × 58 ÷ 50, సుమారు 71. మొదటివారి సామర్థ్యం 50 ÷ 58, అంటే 86 శాతం.

కాస్కేడ్_కమల

అయ్యవారికి ఒక చిన్న చేర్పు. ఆ లెక్కను ఎన్‌హెచ్ తరగతి వారీగా విడివిడిగా వేయాలి. మొత్తానికి ఒకేసారి వేస్తే, అన్ని ఘటనలూ దొరికే అవకాశం సమానమని ఒప్పుకున్నట్టు. పెద్ద స్టార్‌లు ఇద్దరికీ దొరుకుతాయి, వైట్ స్టార్‌లు ఇద్దరూ వదులుతారు. అప్పుడు ఉమ్మడి సంఖ్య పెరిగి, సామర్థ్యం ఉన్నదానికన్నా గొప్పగా కనిపిస్తుంది. 71 వచ్చిందని సంతోషపడేలోగా 75 ఉన్నాయేమో అనుమానించాలి.

పీలేరు_ప్రోటాన్

సరే, తరగతి వారీగా చూస్తే నా వాదన నిలబడదు. మొత్తానికి మాత్రం ఇంకో 20 మీటర్లు చూడకుండా ఏ సంఖ్యనూ థీసిస్‌లో రాయొద్దు.

రేణిగుంట_రేణువు

చివర్లు చూడటం రేపే మొదలుపెడతాం సార్. బ్లాక్-గ్రే సంగతి కూడా చెప్పండి. ట్రాక్ డిప్ (పొరలోకి దిగే వాలు) కొలిచేటప్పుడు ఎమల్షన్ కుంచించుకుపోయిందని విన్నాం, కానీ రేంజ్‌లో పెద్ద తేడా రాలేదు. ఒక ట్రాక్‌కు అడ్డంగా 1200 మైక్రాన్లు, లోతు 180. రేంజ్ దిద్దకపోతే 1213, దిద్దితే 1269.

అమిడాల్_అయ్యవారు

పడుకున్న ట్రాక్‌ను తీసుకుని తేడా లేదంటే ఎట్ల? నిలువుగా దిగిన దాన్ని చూడు. అడ్డంగా 150, కొలిచిన లోతు 200 అనుకో. దిద్దకపోతే 250 మైక్రాన్లు. కుంచింపు గుణకం 2.3 అయితే లోతు 460, రేంజ్ 484. దాదాపు రెట్టింపు.

ఎందుకు కుంచించుకుపోతుందంటే, కడిగినప్పుడు డెవలప్ కాని సిల్వర్ బ్రోమైడ్ అంతా హైపోలో, అంటే ఫిక్సర్‌లో కరిగిపోతుంది. మిగిలేది జెలటిన్, వెండి గింజలు. 600 మైక్రాన్ల పొర 250-280కి దిగుతాది. అడ్డంగా గాజుకు అతుక్కుని ఉంటాది కాబట్టి కుంచింపు నిలువునే.

గుణకాన్ని ఒకసారి కొలిచి ఏడాదంతా వాడొద్దు. జెలటిన్ తేమ పీలుస్తుంది. మన తిరుపతిలో ఏప్రిల్, మే ఎండకూ, ఈశాన్య రుతుపవనం దిగిన నవంబరు వానకూ గదిలో తేమ ఎంత మారుతుందో తెలిసిందే. వానల్లో పొర ఉబ్బుతాది, గుణకం తగ్గుతాది. పని మొదలుపెట్టే ముందు ప్రతిరోజూ ఐదారు చోట్ల మందం కొలిచి, పక్కన హైగ్రోమీటర్ అంకె రాసుకోండి. ఏసీ పొద్దున వేసి సాయంత్రం ఆపే గది అయితే మధ్యాహ్నం ఇంకోసారి. ప్లేట్లు బీరువాలో, సిలికా జెల్‌తో, నీలం రంగు పోగానే మార్చాలి.

మందం కొలిచే తీరు: పై ఉపరితలం మీద దుమ్ము కణం ఫోకస్‌లోకి తెచ్చి మైక్రోమీటర్ చదవండి, తర్వాత గాజు అంటుకున్న చోట చివరి గింజలు ఫోకస్ చేసి చదవండి. ఎప్పుడూ ఒకే దిశలో తిప్పుతూ రావాలి, లేకపోతే గేర్ ఆట రెండు మూడు మైక్రాన్లు తినేస్తాది.

ఇంకొకటి, లెన్స్ ఏది? ఆయిల్ ఇమ్మర్షన్ అయితే నూనె, ఎమల్షన్ రెండింటి వక్రీభవన గుణకం దాదాపు 1.5 కాబట్టి మైక్రోమీటర్ అంకె నేరుగా లోతు. డ్రై లెన్స్‌తో కొలిస్తే కనిపించే లోతును సుమారు 1.5తో గుణించాలి, ఆ తర్వాతే కుంచింపు గుణకం.

గాజులమండ్యం_గామా

అది సరిగా జరిగిందో లేదో తేల్చే పరీక్ష ఒకటుంది, ఏ మోడల్‌తోనూ పని లేదు. బీమ్ దిశ చుట్టూ ప్రతి ట్రాక్ అజిముత్ కోణం (బీమ్ చుట్టూ ఎటు తిరిగి ఉందో చెప్పేది; 0, 180 పొర వెంబడి, 90, 270 నిలువునా) తీసి హిస్టోగ్రామ్ వేయండి. బీమ్ చుట్టూ ప్రకృతికి ఎడమ కుడి, పైన కింద అనే తేడా లేదు. చాలా ఘటనలు కలిపితే బల్లపరుపుగా రావాలి.

కుంచింపు దిద్దకపోతే అసలు 45 డిగ్రీల ట్రాక్ 23 దగ్గర కనిపిస్తుంది. హిస్టోగ్రామ్‌లో 0, 180 దగ్గర గుట్టలు లేస్తాయి, 90, 270 దగ్గర గుంటలు పడతాయి. దిద్దిన తర్వాత కూడా 90, 270 దగ్గర గుంట మిగిలిందంటే ఇక అది కొలత కాదు, కంటి సంగతి. నిలువుగా దిగే ట్రాక్‌లు అడ్డంగా పొట్టిగా, చుక్కలా కనిపిస్తాయి, స్కానర్ వదిలేస్తాడు. పైన గుంటకు, కింద గుంటకు తేడా ఉంటే గాజు వైపు సరిగా డెవలప్ అయ్యిందో లేదో చూడాలి.

కాస్కేడ్_కమల

ఇక గ్రేల సంగతి. రేణువూ, 3 మి.మీ. హద్దు ఎంతమందికి పనికొస్తుందో ఆలోచించావా? స్టార్ పొర మధ్యలో ఉంటే పైకి 300, కిందికి 300 మైక్రాన్లు అసలు మందం. 3 మి.మీ. లోపల ఉండాలంటే డిప్ కోణం 6 డిగ్రీలు దాటకూడదు. అంటే వేగంగా పోయే ట్రాక్‌లలో చాలా భాగం ఆగకముందే బయటపడతాయి. వాటన్నిటికీ నీ నిర్ణయం "చూపుకు దట్టం". అక్కడే బ్లాక్‌లు పెరిగి గ్రేలు తరిగాయి.

బీఆర్-2లో కనీస అయనీకరణ ట్రాక్‌కు 100 మైక్రాన్లకు సుమారు 30 గింజలు. ముందు నీ ప్లేట్‌లో నువ్వే కొలువు: వెడల్పుగా తెరుచుకున్న పెద్ద స్టార్‌ల నుంచి చిన్న కోణంలో పోయే సన్నని షవర్ ట్రాక్‌లు (చాలా వేగంగా పోయే కణాలవి) తీసుకో. లోతును బట్టి కూడా మారుతుంది, పైన, మధ్య, కింద విడిగా. ఆ సంఖ్యతో భాగించిన నిష్పత్తి 1.4 లోపు అయితే షవర్, 1.4 నుంచి 6.8 వరకు గ్రే, ఆపైన బ్లాక్. నాలుగు దాటిన గ్రే ట్రాక్ కూడా కంటికి పెన్సిల్‌తో గీసినట్టే ఉంటుంది. చూపును నమ్మితే నాలుగు నుంచి 6.8 వరకూ ఉన్నవన్నీ బ్లాక్‌లోకి పోతాయి.

గింజలు లెక్కపెట్టడం కూడా అక్కడ కుదరదు, ఒకదానికొకటి అతుక్కుని బ్లాబ్‌లు అవుతాయి. బ్లాబ్‌లు లెక్కపెడితే ఇంకో గోతిలో పడతావు: అయనీకరణం పెరిగేకొద్దీ బ్లాబ్‌ల సంఖ్య కొంతదాకా పెరిగి, తర్వాత తగ్గుతుంది. ఒకే బ్లాబ్ సంఖ్యకు రెండు జవాబులు.

అందుకే ఫౌలర్, పెర్కిన్స్ గ్యాప్ పద్ధతి. 100 మైక్రాన్లలో బ్లాబ్‌లు లెక్కపెట్టు. అదే పొడవులో 0.5 మైక్రాన్ కన్నా పెద్ద గ్యాప్‌లు లెక్కపెట్టు. మొదటిదాన్ని రెండోదానితో భాగించి సహజ లాగరిథమ్ తీసి 0.5తో భాగిస్తే మైక్రాన్‌కు అసలు గింజల సాంద్రత. ఉదాహరణ: బ్లాబ్‌లు 60, గ్యాప్‌లు 36. లాగరిథమ్ 0.511, భాగిస్తే 1.02. అంటే 100 మైక్రాన్లకు 102, నిష్పత్తి 3.4. చక్కని గ్రే. 100 మైక్రాన్లు సరిపోవు, కనీసం 300-400 బ్లాబ్‌లు వచ్చేదాకా పో. డిప్ 30 డిగ్రీలు దాటితే గ్యాప్‌లు కంటికి మూసుకుపోతాయి, ఆ ట్రాక్‌లను విడి జాబితాలో పెట్టి రేఖాగణిత దిద్దుబాటు వేయి.

రేణిగుంట_రేణువు

అర్థమైంది అక్కా. మరి సిమ్యులేషన్ వైపు హద్దు? బీటా 0.3 పెట్టాలా, 26 ఎంఈవీ పెట్టాలా?

కాస్కేడ్_కమల

ఆ రెండూ ఒకటి కాదు! ఎన్నో పేపర్లలో పక్కపక్కనే రాస్తారు, అందుకే అందరూ ఒకటే అనుకుంటారు. ప్రోటాన్‌కు బీటా 0.3 అంటే గామా 1.048, గతిశక్తి 45 ఎంఈవీ. 26 ఎంఈవీ ప్రోటాన్ బీటా 0.23. ఎమల్షన్‌లో 26 ఎంఈవీ ప్రోటాన్ 3 మి.మీ. పోతుంది, 45 ఎంఈవీది ఏడెనిమిది మి.మీ. పోతుంది. మధ్యలో 19 ఎంఈవీ వెడల్పున్న ప్రోటాన్లు ఒక హద్దులో బ్లాక్, ఇంకో హద్దులో గ్రే.

నా సలహా: సిమ్యులేషన్‌లో శక్తితో కాదు, కొలతలో ఏది చేశావో అదే చేయి. ప్లేట్ లోపల ఆగే కణానికి రేంజ్ హద్దు, బయటికి పోయేదానికి అయనీకరణ హద్దు. స్టార్ లోతును కూడా నీ ఘటనల నుంచే యాదృచ్ఛికంగా తీసి పెట్టు. ఒకే శక్తి హద్దు అందరికీ పెడితే ఆల్ఫాలు కూడా చెడతాయి. ఆల్ఫాకు అదే 3 మి.మీ. రేంజ్ రావాలంటే 104 ఎంఈవీ కావాలి, వేగం మాత్రం అదే 0.23.

షవర్ హద్దు అయితే బీటా 0.7 వేగమే. ప్రోటాన్‌కు అది 375 ఎంఈవీ, పయాన్‌కు 56 ఎంఈవీ. ఇక్కడ శక్తి హద్దు పెట్టి పయాన్‌లను గ్రేలో కలిపేసిన కోడ్‌లు చాలా కనిపిస్తాయి.

పీలేరు_ప్రోటాన్

జియాంట్4లో ఏ ఫిజిక్స్ లిస్ట్ (ఏ ఘటనకు ఏ మోడల్ వాడాలో చెప్పే జాబితా) వాడుతున్నావు? అది చెప్పలేదు. కార్బన్ బీమ్‌కు లిస్ట్ మారితే న్యూక్లియస్-న్యూక్లియస్ మోడలే మారిపోతుంది. "షీల్డింగ్" లిస్ట్‌లో అయాన్లకు క్యూఎండీ అనే మోడల్. ఐఎన్‌సీఎల్ ఉన్న లిస్ట్‌లో లీజ్ కాస్కేడ్, ద్రవ్యరాశి సంఖ్య 18 దాకా ఉన్న అయాన్లకు. ద్రవ్యరాశి సంఖ్య వరకు కార్బన్ సరిపోతుంది. రెండింటితోనూ నడిపి చూడు. గ్రేలు కాస్కేడ్ దశలో (న్యూక్లియాన్లు వరసగా ఒకదాన్నొకటి ఢీకొనేటప్పుడు) తన్ని బయటపడిన ప్రోటాన్లు, బ్లాక్‌లు చాలావరకు ఆ తర్వాత వేడి కేంద్రకం నుంచి ఆవిరైనవి. గ్రేలలో తేడా వస్తే కాస్కేడ్ మోడల్‌ను అనుమానించు, బ్లాక్‌లలో తేడా వస్తే డీ-ఎక్సైటేషన్‌ను, అంటే వేడి కేంద్రకం చల్లారే మోడల్‌ను.

1947లో భౌతిక శాస్త్రవేత్త సెర్బర్ విడదీసిన రెండు దశలే ఇవి. మొదటిది 10⁻²² సెకను మెట్టులో అయిపోతుంది, ఆవిరి దశ దానికన్నా వేల రెట్లు నిదానం. అందుకే ఆవిరైన బ్లాక్‌లకు బీమ్ దిశ దాదాపు గుర్తుండదు. నీ బ్లాక్‌లలో ముందుకు, వెనక్కి పోయేవాటి నిష్పత్తి ఒకటికి కాస్త ఎక్కువ రావాలి, మిగిలిన కేంద్రకం ముందుకు కదులుతుంటుంది కాబట్టి. మరీ రెండు దాకా వస్తే గ్రేలు కలిశాయనే అర్థం.

బీఎస్సీ_బాబు

మధ్యలో దూరుతున్నా, క్షమించండి. ఇంత పాత ప్లేట్లు ఎందుకు? ఢిల్లీ పెల్లెట్రాన్ యాక్సిలరేటర్‌లో బీమ్ టైమ్ అడగొచ్చు కదా?

గాజులమండ్యం_గామా

అడగొచ్చు, కానీ అది వేరే ఫిజిక్స్. పెల్లెట్రాన్ ఇచ్చేది న్యూక్లియాన్‌కు కొన్ని ఎంఈవీ. ఆ శక్తిలో రెండు కేంద్రకాలు కలిసి కాంపౌండ్ న్యూక్లియస్ అవుతాయి, లేదా సగం కలుస్తాయి, భారీదైతే ఫిషన్ అవుతుంది. కాస్కేడ్ జరగాలంటే లోపలికి దూరిన న్యూక్లియాన్ ఒక్కొక్క న్యూక్లియాన్‌నూ విడిగా "చూడాలి". 200 ఎంఈవీ ప్రోటాన్ మొమెంటం 644 ఎంఈవీ/సి, దాని రెడ్యూస్డ్ తరంగదైర్ఘ్యం 0.3 ఫెర్మీ. కేంద్రకంలో న్యూక్లియాన్ల మధ్య దూరం 1.8 ఫెర్మీ దగ్గర. అక్కడి నుంచే బిలియర్డ్స్ ఆట మొదలవుతుంది.

బీఎస్సీ_బాబు

అయితే కాస్మిక్ కిరణాలు ఉచితమే కదా. తిరుపతిలోనో, హార్సిలీ హిల్స్‌లోనో ప్లేట్ పెడితే?

అమిడాల్_అయ్యవారు

మంచి ప్రశ్న. 1937లో బ్లావ్, వాంబాకర్ ఆస్ట్రియా కొండల్లో హాఫెలెకార్ మీద, 2300 మీటర్ల ఎత్తున ప్లేట్లు పెట్టి మొదటి స్టార్‌లను చూసింది అట్లనే. ఆ తర్వాత మన బిభా చౌధురి, డి.ఎం. బోస్ డార్జిలింగ్‌లో ప్లేట్లు పెట్టారు.

లెక్క చూద్దాం. తిరుపతి 160 మీటర్ల ఎత్తు, పైన గాలి చదరపు సెంటీమీటరుకు సుమారు 1014 గ్రాములు. మదనపల్లె దగ్గరి ఏనుగు మల్లమ్మ కొండ, అదే హార్సిలీ హిల్స్, 1250 మీటర్లు అనుకుంటే 888 గ్రాములు. స్టార్‌లు పుట్టించే న్యూక్లియాన్లు 140 గ్రాములకు ఒకసారి 'ఇ' వంతుకు తగ్గుతాయని తీసుకుంటే, కొండ మీద తిరుపతికన్నా సుమారు రెండున్నర రెట్లు ఎక్కువ. అంతే. మన అక్షాంశంలో భూ అయస్కాంత క్షేత్రం 17 జీవీ (మొమెంటం, ఆవేశాల నిష్పత్తికి యూనిట్) దాకా ప్రైమరీలను, అంటే అంతరిక్షం నుంచి నేరుగా వచ్చే కణాలను ఆపేస్తాది కాబట్టి యూరప్ కొండల రేటు ఇక్కడ రాదు.

పైగా ఎక్కడి నుంచి ఏ శక్తితో వచ్చిందో తెలియని న్యూట్రాన్ పుట్టించిన స్టార్ నుంచి క్రాస్ సెక్షన్ తీయలేవు. స్టార్ ఎట్ల ఉంటుందో చూడటానికి బాగుంటాది. ఎండాకాలం కొండ మీద కూడా ప్లేట్‌ను వేడిలో పెడితే ఫాగ్ (అక్కరలేని గింజలు) పెరిగి, లేటెంట్ ఇమేజ్ (డెవలప్ కాకముందు దాగి ఉన్న ట్రాక్ గుర్తు) చెరిగి ఏమీ మిగలదు.

అట్ల ట్రాక్ వెంబడి కాక ప్లేట్ అంతా వెతికే ఏరియా స్కానింగ్ చేసేవాళ్ళు థోరియం స్టార్‌లతో జాగ్రత్త. ఎమల్షన్‌లో, గాజులో ఉండే థోరియం-228 ఒకే చోట వరసగా ఐదు ఆల్ఫాలు విడుస్తాది. అచ్చం ఐదు కాళ్ళ స్టార్. గుర్తుపట్టేది పొడవుతో: అన్నీ పొట్టివే, పొలోనియం-212 ఇచ్చే 8.78 ఎంఈవీ ఆల్ఫా అన్నిటికన్నా పొడుగు, అదీ 47 మైక్రాన్ల దగ్గరే ఆగిపోతాది. రేణువూ, వీటిని పారేయొద్దు. తెలిసిన రేంజ్ కదా, పడుకున్న వాటితో, నిలబడిన వాటితో నీ కుంచింపు గుణకాన్ని సరిచూసుకో.

రేణిగుంట_రేణువు

ఇంకో ప్రశ్న. ఎన్‌హెచ్ 8, ఆపైన అయితే వెండి-బ్రోమిన్ అని తెలుసు. 2 నుంచి 7 వరకు ఉన్నవన్నీ కార్బన్-నైట్రోజన్-ఆక్సిజన్ అని రాయొచ్చా?

కాస్కేడ్_కమల

రాస్తే 32 శాతం రావాల్సింది ఎంతో పెరుగుతుంది, నీకే తెలుస్తుంది. ఆ గుంపులో వెండి-బ్రోమిన్ అంచు ఘటనలు నిండా ఉంటాయి. విడదీయడానికి పొట్టి ట్రాక్‌లు చూడాలి. స్టార్ నడిబొడ్డున 10 మైక్రాన్ల లోపు మొద్దు ముక్క ఉందంటే అది వెనక్కి తన్నుకున్న భారీ కేంద్రకం, అంటే వెండి లేదా బ్రోమిన్. 10 నుంచి 50 మైక్రాన్ల మధ్య ట్రాక్ ఉంటే వెండి-బ్రోమిన్ కాదు. వెండి నుంచి ఆల్ఫా బయటపడాలంటే దాదాపు 10 ఎంఈవీ కూలుంబ్ గోడ దాటాలి, అంత శక్తితో వచ్చినది 50 మైక్రాన్లు దాటి పోతుంది. తేలిక కేంద్రకాలకు ఆ గోడ చాలా తక్కువ.

కాబట్టి ఎన్‌హెచ్ 8 లోపు ఉండి, 10 మైక్రాన్ల లోపు ముక్క ఉండి, 10-50 మధ్య ఏదీ లేకపోతే వెండి-బ్రోమిన్. ఆ ముక్క లేకుండా ఎన్‌హెచ్ రెండు లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే తేలిక గుంపు. ఇది కూడా ఒక్కొక్క ఘటనకు ముద్ర కాదు, సగటున పనిచేసే జల్లెడ. ఆ వాటాలు పైన చెప్పిన 10, 32, 58కి దగ్గరగా వస్తున్నాయో లేదో చూసుకో.

రేణిగుంట_రేణువు

అప్‌డేట్. అజిముత్ హిస్టోగ్రామ్ వేశాం: దిద్దకముందు 0, 180 దగ్గర గుట్టలు, సరిగ్గా గామా సార్ చెప్పినట్టే. రోజూ కొలిచిన గుణకంతో దిద్దితే చాలావరకు చదునైంది, 90 దగ్గర కొంచెం గుంట ఉంది, 270 దగ్గర లేదు. గ్యాప్ పద్ధతితో బయటికి పోయిన ట్రాక్‌లు మళ్ళీ చూస్తున్నాం, బ్లాక్‌ల నుంచి చాలా గ్రేలకు మారుతున్నాయి.

"ఇంటరాక్షన్ లేదు" అన్న ట్రాక్‌ల చివర్లలో కొన్ని స్పష్టంగా సన్నబడ్డాయి. వెనక్కి వెళ్తే రెండు చోట్ల మూడు ఆల్ఫాలు దొరికాయి, టార్గెట్ నుంచి ఏమీ లేదు. కానీ కొన్నిటిలో చివర లావు కొంచెమే తగ్గినట్టుంది, కంటితో తేలడం లేదు.

అమిడాల్_అయ్యవారు

90 దగ్గర గుంట ఏ వైపు, పైకా గాజు వైపా చూసి చెప్పు. గాజు వైపు అయితే అక్కడ గింజ సాంద్రత తక్కువ ఉండొచ్చు, సన్నని గ్రేలు నిలువుగా దిగి మాయమైపోతాయి.

కొంచెమే తగ్గినవి బోరాన్ కావచ్చు, 36 నుంచి 25. దీనికి డెల్టా-రేలు (కణం తన్ని పంపిన ఎలక్ట్రాన్ల ట్రాక్‌లు) లెక్కపెట్టాలి: కనీసం నాలుగు గింజలున్న పక్క కొమ్మ అయితేనే డెల్టా అని ఒక నియమం పెట్టుకుని, ఇద్దరూ అదే పాటించండి. బీమ్ కార్బన్ ట్రాక్‌లు చాలా కొలిచి సగటు గట్టిగా తెలుసుకో. కార్బన్‌కు 100 డెల్టాలు వచ్చే పొడవెంతో అంత పొడవు అనుమానిత ట్రాక్‌లో చూడు. బోరాన్ అయితే 69 వస్తాయి, ఎర్రర్ 8. తేడా 31, మూడు సిగ్మాకు పైనే. 30 డెల్టాలు లెక్కపెట్టి తేల్చేస్తే మాత్రం కార్బన్‌కూ బోరాన్‌కూ తేడా కనపడదు.

కాస్కేడ్_కమల

అన్నీ సరిచేశాక కూడా 13.7 కచ్చితంగా రాకపోతే బెంగపడొద్దు. కార్బన్-12 ఒక్క న్యూట్రాన్ పోగొట్టుకుని కార్బన్-11 అయితే ఆవేశం ఆరే, దిశ అదే. న్యూట్రాన్ ఎమల్షన్‌లో కనిపించదు. టార్గెట్ నుంచి కూడా ఏమీ రాకపోతే ఆ ఘటన ప్లేట్‌లో ఏ గుర్తూ వదలదు. రేఖాగణిత సూత్రం మాత్రం దాన్ని కూడా లెక్కేస్తుంది. కాబట్టి ఎంత జాగ్రత్తగా స్కాన్ చేసినా మీ విలువ ఆ సూత్రం చెప్పినదానికన్నా కాస్త పెద్దదిగానే ఉండాలి. సిమ్యులేషన్‌లో పోల్చేటప్పుడు, ముక్క ఆవేశం 6 ఉండి, ఎన్‌హెచ్ సున్నా, షవర్ సున్నా ఉన్న ఘటనలను తీసేసి మీన్ ఫ్రీ పాత్ వేయండి. అప్పుడు రెండు వైపులా ఒకే సంఖ్యను పోల్చినట్టు.

రేణిగుంట_రేణువు

ఆ ఫిల్టర్ పెడుతున్నా అక్కా. గుంట పై ఉపరితలం వైపు ఉంది సార్, గాజు వైపు కాదు.

అమిడాల్_అయ్యవారు

అయితే పై పొరలో 20-30 మైక్రాన్ల లోపల ఉన్న స్టార్‌లను తీసేసి మళ్ళీ హిస్టోగ్రామ్ వేయి. ఉపరితలానికి దగ్గర పుట్టిన వాటి పైవైపు ట్రాక్‌లు గుర్తుపట్టేలోపే బయటపడి ఉంటాయి. కింద గాజు వైపు కూడా అంతే హద్దు పెట్టు. తీసేసిన పొడవును మీన్ ఫ్రీ పాత్ లెక్కలోంచి కూడా తీసేయాలి, మర్చిపోవద్దు.